ఈగలు, ముసలితనం, నొప్పి: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నా పని గురించి చెప్పగానే ఎవరైనా అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు, అందుకని జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. కొన్ని పొడుగయ్యాయి, కొన్ని రెండు వాక్యాల్లో తేలిపోయాయి. వరుసగా చదవాలని రూలేం లేదు.

ఇంతకీ మీరు చేసే పనేంటి?

పండ్ల ఈగల్ని ముసలివయ్యేదాకా పెంచుతూ, వయసుతో పాటు వాటి మెదడులో, నరాల్లో ఏం మారుతోందో చూస్తాను. విన్నవాళ్లలో సగం మంది "అంటే ఈగలు తోలుకుంటున్నావన్నమాట" అని నవ్వుతారు. నేనూ నవ్వేస్తాను, అది అబద్ధమేమీ కాదు మరి, వారంలో మూడు రోజులు పొద్దుటి పూటంతా ఈగల్ని పాత సీసాలోంచి కొత్త మేత ఉన్న సీసాలోకి తోలడంతోనే సరిపోతుంది.

ఇవి ఇంట్లో వాలే ఈగలు కావు. బాగా ముగ్గిన పండు చుట్టూ ముసురుతాయే, ఆ చిన్నవి. ఒళ్లు 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు, కళ్లు ఎర్రగా ఉంటాయి, శాస్త్రీయ నామం డ్రోసోఫిలా మెలనోగాస్టర్. కొన్నేళ్లుగా దీనికి ఇంకో పని తోడైంది: ప్రయోగాల్లో వాడే పురుగుల బాగోగులు. వాటికి నొప్పి లాంటిది ఉందా, ఉండే అవకాశం ఉంటే మనం చేసే పనుల్లో ఏం మార్చుకోవాలి అన్నది. ముసలితనానికీ దీనికీ సంబంధమేంటని చాలామందికి అర్థం కాదు, కింద దానికి విడిగా రాశాను.

మనుషుల ముసలితనం గురించి తెలియాలంటే మనుషుల్నే చూడొచ్చు కదా, ఈగలెందుకు?

టైమ్ సరిపోదు కాబట్టి. 25 డిగ్రీల దగ్గర పెంచితే గుడ్డు పెట్టిన 10 రోజులకల్లా రెక్కల ఈగ బయటికొస్తుంది, ఆ తర్వాత రెండు మూడు నెలలు బతుకుతుంది. అంటే ఒక తరం పుట్టుక నుంచి చావు దాకా ఒకే సీజన్‌లో చూసేయొచ్చు. ఎలుకలతో అయితే దాదాపు మూడేళ్లు, మనుషులతో అయితే ఫలితం వచ్చేసరికి నేనుండను.

పైగా ఈ ఈగ గురించి మనకి తెలిసినంత ఇంకే పురుగు గురించీ తెలియదు. థామస్ హంట్ మోర్గాన్ 1910లో తెల్ల కళ్ల ఈగని ఒకదాన్ని గమనించి, దాంతో మొదలుపెట్టి జన్యువులు క్రోమోజోముల మీద ఉంటాయని రుజువు చేశారు, 1933లో నోబెల్ వచ్చింది. మన ఒంట్లో పగలూ రాత్రీ తెలిపే గడియారం ఎలా నడుస్తుందో తేల్చినందుకు 2017లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు, అదీ ఈ ఈగల మీద పనే. 2000 నాటికే దీని జన్యుక్రమం దాదాపు మొత్తం చదివేశారు. మనుషుల్లో జబ్బులకు కారణమయ్యే జన్యువుల్లో నాలుగింట మూడు వంతులకు ఈగలో ఏదో ఒక జోడీ ఉంది.

అలాగని ఈగ అంటే చిన్న సైజు మనిషి కాదు. దానికి మనలాగా రక్తనాళాల వల ఉండదు, రక్తం లాంటి ద్రవం ఒళ్లంతా ఊరికే పారుతూ ఉంటుంది. పెద్దయ్యాక పేగుల్లాంటి కొన్ని చోట్ల తప్ప కణాలు విభజన చెందవు, కాబట్టి మన ముసలితనంలో అంత పెద్ద భాగమైన క్యాన్సర్ కథ ఈగలో అలా నడవదు. "ఈగల్లో పనిచేసింది" అన్న వార్త చూడగానే మందుల షాపుకి పరిగెత్తకండి.

ఈగకు మెదడుంటుందా?

ఉంటుంది, గసగసం గింజ కన్నా చిన్నది. 2024 అక్టోబర్‌లో ఒక ఆడ ఈగ మెదడు మొత్తానికి వైరింగ్ మ్యాప్ బయటికొచ్చింది: 1,39,255 న్యూరాన్లు (నరకణాలు), వాటి మధ్య 5 కోట్లకు పైగా కనెక్షన్లు. అంతకుముందు ఏడాది, 2023లో, రెక్కలు రాని పిల్ల పురుగు మెదడు మ్యాప్ వచ్చింది, అందులో 3,016 న్యూరాన్లు. తేనెటీగకు 10 లక్షలకు కాస్త తక్కువ, మనిషికి సుమారు 8,600 కోట్లు.

ఈ అంకెలు చెప్పగానే "మరి అంత చిన్న మెదడులో ఏముంటుందండీ" అంటారు. వాసనలు గుర్తుపెట్టుకోవడానికి ఒక భాగం ఉంది, దాన్ని మష్రూమ్ బాడీ అంటారు. తను ఎటు తిరిగి ఉందో, ఎటు పోవాలో లెక్క చూసుకోవడానికి నడిమధ్యలో ఇంకో భాగం ఉంది. నిద్రపోతుంది, నిద్ర చెడితే మర్నాడు ఎక్కువసేపు పడుకుంటుంది. పోట్లాడుతుంది, ఓడినవాడు ఆ తర్వాత కాసేపు వెనక్కి తగ్గుతాడు. మగ ఈగ ఒక రెక్క చాచి ఆడ ఈగకి పాట వినిపిస్తుంది. చిన్నదే, కానీ ఖాళీ కాదు.

ఈగ ముసలిదైందని ఎలా తెలుస్తుంది? జుట్టు నెరుస్తుందా?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది.

సీసాలో ఇరవై ఈగలున్నాయనుకోండి. సీసాని బల్ల మీద మెత్తగా మూడుసార్లు తడితే అన్నీ అడుగున పడతాయి. పడిన వెంటనే పైకి పాకడం వాటి నైజం. వారం వయసు ఈగలైతే మీరు స్టాప్‌వాచ్ నొక్కేలోపే సగం పైనుంటాయి. అదే యాభై రోజుల ఈగల్ని చూడండి. కొన్ని అడుగునే మూతి తుడుచుకుంటూ కూర్చుంటాయి, కొన్ని బయల్దేరి సగం ఎక్కాక కాళ్లు జారి వెల్లకిలా పడతాయి, ఆరు కాళ్లూ గాల్లో ఆడిస్తాయి, ఎలాగో తిరగబడి మళ్లీ మొదలుపెడతాయి. భూతద్దం కింద చూస్తే రెక్కల అంచులు చిరిగి, పాత గుడ్డలా పోగులు పోగులుగా ఉంటాయి. కాలి చివర ఒకటి రెండు కణుపులు ఊడిపోయి ఉంటాయి. రెక్క గానీ కాలు గానీ మళ్లీ మొలవదు, పెద్ద ఈగకి ఒళ్లు మరమ్మతు చేసుకునే వీలు చాలా తక్కువ.

లోపల కూడా మనకు తెలిసిన కథే. రాత్రి నిద్ర ముక్కలు ముక్కలవుతుంది, పడుకుంటుంది, లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. నేర్చుకున్న వాసన గుర్తుండదు. మనుషుల్లో పార్కిన్సన్స్ జబ్బుకు సంబంధించిన ఆల్ఫా-సిన్యూక్లిన్ ప్రొటీన్‌ని ఈగ మెదడులో తయారయ్యేలా 2000లో చేసి చూస్తే, డోపమిన్ అనే రసాయనంతో పనిచేసే న్యూరాన్లు చచ్చిపోవడమే కాదు, పైకి పాకే శక్తి కూడా ముందే తగ్గిపోయింది. ఆ శక్తిని కొలిచింది ఇప్పుడు చెప్పిన ఈ సీసా పరీక్షతోనే.

ఇంకొకటి, ఇది చూస్తే మర్చిపోలేరు. మేతలో నీలం రంగు కలుపుతాం. ఆరోగ్యంగా ఉన్న ఈగలో ఆ నీలం పేగుల్లోనే ఉంటుంది, పొట్ట దగ్గర చిన్న గీతలా కనిపిస్తుంది. వయసు మీద పడి పేగు గోడ చెడిందంటే రంగు బయటికి కారి, ఈగ తల నుంచి తోక దాకా నీలంగా మారిపోతుంది. ఒకసారి అలా నీలమైందంటే ఎక్కువ రోజులుండదు. పుట్టి ఎన్నాళ్లయిందన్న దాని కన్నా, నీలమైందా లేదా అన్నదే చావు దగ్గర పడిందో లేదో బాగా చెబుతుంది. ఒకే వయసు ఈగలు ఇరవై ఉన్న సీసాలో ఒక్కటే నీలంగా, మిగతావాటి మధ్య నిదానంగా తిరుగుతూ కనిపిస్తుంది. తొలిసారి చూసినప్పుడు ఆ పూట ఇంకేం పని చేయబుద్ధి కాలేదు.

ఈగ ఆయుష్షు పెంచగలరా?

పెంచగలం, ఎప్పటి నుంచో పెంచుతున్నారు. చల్లగా ఉంచితే ఎక్కువ బతుకుతుంది, వేడిలో తక్కువ, ఇది అందరికీ తెలిసిందే. మేతలో ఈస్ట్ తగ్గిస్తే ఎక్కువ బతుకుతుంది గానీ గుడ్లు తక్కువ పెడుతుంది. 2001లో చికో అనే జన్యువు పాడైన ఆడ ఈగలు మామూలువాటి కన్నా 48 శాతం దాకా ఎక్కువ బతికాయి, అది ఇన్సులిన్ సంకేతాల దారిలో ఉండే జన్యువు. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకి ఇచ్చే రాపమైసిన్ మందు ఈగల ఆయుష్షునీ పెంచుతుందని 2010లో తేలింది.

మరీ ఆశ్చర్యం కలిగించేది ఇంకోటి: చచ్చిన తోటి ఈగల మధ్య ఉంచితే బతికున్న ఈగలు త్వరగా చస్తాయి. చీకట్లో ఉంచితే ఈ ప్రభావం కనిపించదు, అంటే చూడటం వల్లే. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం పంపే సంకేతాలు ఇందులో పాలుపంచుకుంటాయని కూడా తేలింది. దీన్ని "దుఃఖం" అనేయడానికి నేను సిద్ధంగా లేను. కానీ ఆ పరిశోధన గురించి చదివినప్పటి నుంచి చచ్చినవాటిని సీసాల్లోంచి రోజూ తీసేస్తున్నాం.

పురుగులన్నీ ఇలా రెండు మూడు నెలలేనా?

అస్సలు కాదు. పెంపకంలో ఉన్న ఒక నల్ల చీమ రాణి 28 ఏళ్లకు పైగా బతికింది. అదే పుట్టలో పనిచీమలు ఏడాదో రెండేళ్లో. తేనెటీగల్లో వేసవి కూలీ ఐదారు వారాలు, చలికాలం కూలీ నెలల తరబడి, రాణి కొన్నేళ్లు. గమ్మత్తేంటంటే రాణికీ కూలీకీ జన్యువులు ఒకటే, పిల్ల పురుగుగా ఉన్నప్పుడు తిన్న తిండి వేరు, అంతే.

తేనెటీగల్లో ఇంకో వింత ఉంది. పడుచు కూలీలు గూట్లో పిల్లల్ని చూసుకుంటాయి, వయసొచ్చాక మేత కోసం బయటికెళ్తాయి, బయటి పనిలో పడ్డాక కొద్ది వారాల్లోనే నేర్చుకునే శక్తి తగ్గిపోతుంది. గూట్లో పడుచువాటిని తీసేస్తే కొన్ని ముసలి కూలీలు మళ్లీ పిల్లల్ని చూసుకునే పనిలోకి దిగుతాయి, వాటిలో కొన్నిటికి నేర్చుకునే శక్తి తిరిగొస్తుంది. వయసు వెనక్కి పోలేదు, పని మారింది.

నాకు వీటన్నిటి కన్నా నచ్చేది ఇండియాలో దొరికే గెంతే చీమ, హార్పెగ్నాథోస్ సాల్టేటర్. రాణి చనిపోగానే పనిచీమలు మీసాలతో ఒకదాన్నొకటి కొట్టుకుంటూ పోటీకి దిగుతాయి, ఆ పోటీ ఒక్కోసారి 40 రోజుల దాకా సాగుతుంది. గెలిచినవి గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. అప్పుడు వాటి ఆయుష్షు సుమారు 7 నెలల నుంచి 4 ఏళ్లకు పెరుగుతుంది, మెదడేమో దాదాపు ఐదో వంతు కుంచించుకుపోతుంది, వేటకెళ్లే పని లేదు కాబట్టి అంత మెదడు అక్కర్లేదన్నమాట. వాటిని విడదీసి మళ్లీ పనిచీమ హోదాకి దించేస్తే మెదడు మళ్లీ పెరుగుతుంది. పెద్దయ్యాక మెదడు ఇలా తగ్గి మళ్లీ పెరగడం నేను ఇంకే పురుగులోనూ చూడలేదు.

సూటిగా చెప్పండి, పురుగులకు నొప్పి ఉంటుందా?

సూటి జవాబు: ఉండే అవకాశం కొట్టిపారేయలేనంత ఉంది, కానీ "ఉంది" అని రాసిచ్చే రుజువు లేదు.

ముందు రెండు విషయాలు విడదీసుకోవాలి. వేడి గిన్నె తగలగానే చెయ్యి వెనక్కి లాగేస్తాం, అప్పటికి నొప్పి ఇంకా తెలియదు. ఆ తర్వాత క్షణంలో "అబ్బా" అనిపిస్తుంది. మొదటిది శరీరం హానిని పసిగట్టి తప్పుకోవడం, రెండోది అనుభవం. మొదటిది ఈగలో ఉందనడంలో గొడవే లేదు. ఈగ పిల్ల పురుగుని వేడి మొనతో తాకితే బొంగరంలా పక్కకి దొర్లిపోతుంది, 2003లో ఆ ప్రవర్తనకి కావాల్సిన జన్యువొకటి దొరికితే, అది పాడైన పురుగులు వేడికి స్పందించడం లేదని దానికి "పెయిన్‌లెస్" అని పేరు పెట్టారు. బయట ఆ దొర్లడం పనికొచ్చేది, దాని ఒంట్లో గుడ్డు పెట్టడానికి వచ్చే కందిరీగ నుంచి తప్పించుకోవడానికి.

గొడవంతా రెండోదాని మీదే. అక్కడ నేరుగా కొలిచే మీటర్ లేదు కాబట్టి పక్కనుంచి ఆధారాలు పోగేస్తాం. కాలి నరం తెగిన ఈగ గాయం మానాక కూడా చాలాకాలం మామూలు వేడికే ఉలిక్కిపడుతుందని 2019లో చూపించారు, నరాల తాడులో అదుపు చేసే కణాలు పోవడం వల్ల. 2022లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీలో లార్స్ చిట్కా బృందం (పేరు నిజంగా చిట్కాయే, నేను పెట్టింది కాదు) బంబుల్ బీలకు (తేనెటీగలకు చుట్టాలే, కాస్త బొద్దుగా ఉంటాయి) చక్కెర నీళ్ల గిన్నెలు పెట్టి, కొన్నిటి అడుగున 55 డిగ్రీల వేడి పెట్టింది. తీపి సమానమైతే వేడి గిన్నెల్ని తప్పించుకున్నాయి, వేడి గిన్నెలో తీపి బాగా ఎక్కువైతే ఓర్చుకుని తాగాయి. అది అసంకల్పిత చర్య అయితే వేడి తగలగానే ప్రతిసారీ ఒకేలా తప్పుకోవాలి, ఇక్కడ లాభనష్టాలు బేరీజు వేసుకున్నట్టుంది. అదే ఏడాది వచ్చిన ఒక సమీక్ష నొప్పికి ఎనిమిది ప్రమాణాలు పెట్టుకుని చూస్తే, ఈగలు-దోమల జాతికీ, బొద్దింకలు-చెదల జాతికీ ఎనిమిదిలో ఆరు నెరవేరాయి.

మా ప్రయోగంలోనే ఉన్న ఒక ఇబ్బంది కూడా చెప్పేస్తాను. ఈగ జ్ఞాపకశక్తి కొలవాలంటే ఒక వాసనతో పాటు చిన్న కరెంటు షాక్ ఇస్తాం, తర్వాత ఆ వాసన నుంచి పారిపోతుందా అని చూస్తాం. షాక్ దానికి ఎంతో కొంత చేదు కాకపోతే ప్రయోగమే నడవదు. షాక్ చేదని నమ్మి డేటా రాసుకుంటూ, ఎథిక్స్ ఫారం దగ్గరికొచ్చేసరికి "పురుగే కదా" అనడం నాకు రెండు నాలుకల ధోరణిలా అనిపిస్తుంది. చేదంటే అనుభవమే అని కాదు, అది వేరే చర్చ, కానీ ప్రశ్న తలెత్తలేదని మాత్రం అనలేం.

కాలు విరిగినా పురుగు నడుస్తూనే ఉంటుంది కదా, నొప్పి ఉంటే అలా చేస్తుందా?

మంచి అభ్యంతరం, 1984లోనే ఒక ప్రసిద్ధ వ్యాసం దీన్ని గట్టిగా వినిపించింది. నలిగిన కాలు మీద కూడా పురుగు అంతే బరువు మోపుతుంది, కుంటదు. మాంటిస్ అనే వేటాడే పురుగు తనని తింటూ ఉంటే మిడత ఇంకా ఆకు తింటూనే ఉంటుంది. గాయపడిన తేనెటీగలకు మార్ఫిన్ కలిపిన చక్కెర నీళ్లు పక్కన పెడితే, వాటికోసం ప్రత్యేకంగా ఎగబడలేదని 2017లో ఇంకో ప్రయోగం చెప్పింది. వీటిని నేను దాచిపెట్టను.

కానీ ఒకటి గమనించండి. నొప్పి ఉన్నా కుంటకపోవచ్చు, కొద్ది వారాల బతుకులో కుంటుతూ కాలు మాననివ్వడం లాభసాటి కాకపోవచ్చు. ఏ గాయానికి ఏ స్పందన అన్నది జాతిని బట్టి మారుతుంది. 2024లో బంబుల్ బీ మీసాన్ని 65 డిగ్రీల మొనతో తాకి చూస్తే, అది తగిలిన మీసాన్నే పనిగట్టుకుని తుడుచుకుంది. ఒక పురుగు మిడతలా ఉందని అన్నీ మిడతలు కావు.

సంతోషం కూడా ఉంటుందంటారా?

ఆ మాట వాడటానికి నాకు ధైర్యం చాలదు. అయితే బంబుల్ బీలు చిన్న చెక్క బంతుల్ని ఏ ఫలితమూ లేకుండానే పదేపదే దొర్లించాయి, పడుచువి ఎక్కువగా, ముసలివి తక్కువగా. అనుకోకుండా తియ్యటి చుక్క దొరికిన బంబుల్ బీలు అటూ ఇటూ కాని సంకేతాన్ని మంచిదిగా తీసుకున్నాయి, డోపమిన్‌ని ఆపే మందిస్తే ఆ ప్రభావం పోయింది. మరోవైపు, బాగా కుదిపేసిన తేనెటీగలు అటూ ఇటూ కాని వాసనని చెడ్డదిగా తీసుకున్నాయి. టెన్షన్‌లో ఉన్న మనిషి ఫోన్ మోగగానే ఏదో చెడు వార్తే అనుకుంటాడు చూడండి, ఆ పోలిక దాకా వెళ్లొచ్చు. అంతకు మించి నేను వెళ్లను.

మీరు ఈగల్ని చంపుతారా?

చంపుతాను. వేలల్లో. దీనికి తియ్యటి మాటలు వెతుక్కోవడం నాకు నచ్చదు.

మెదడు చూడాలంటే ఈగ చావాలి. ఎక్కువైనవాటిని కూడా తీసేయాలి, అలవాటుగా వాటిని ఆల్కహాల్ ఉన్న సీసాలోకి దులిపేస్తారు, చాలా ల్యాబుల్లో దానికి "మార్చురీ" అని ముద్దు పేరు. మేము ఇప్పుడు ముందు మత్తిచ్చి, కదలిక ఆగాకే చల్లటి ఫ్రీజర్‌లో పెడుతున్నాం. మత్తుకి వాడేది కార్బన్ డయాక్సైడ్, అదీ సమస్య లేనిదేం కాదు, ఈగలు ఆ గ్యాస్ వాసనకే దూరంగా పోతాయి. మెరుగైనది దొరికేదాకా తక్కువసేపు, తక్కువసార్లు వాడటమే మేము చేయగలిగింది.

ఒకసారి ఏం జరిగిందంటే, లెక్కపెడుతూ మాటల్లో పడి ముసలి ఈగల ట్రేని గ్యాస్ మీద మామూలు కన్నా చాలాసేపు ఉంచేశాను. పడుచువాటికైతే ఏమీ కాకపోయేది. వీటిలో సగం లేవలేదు. ఏడు వారాలు పెంచిన ఈగలు, ఏడు వారాల డేటా, నా కబుర్ల వల్ల పోయాయి. అప్పటి నుంచి ముసలివాటికి టైమర్ పెట్టుకుంటున్నాను.

పురుగుల మీద ప్రయోగాలకు చట్టాలు, అనుమతులు ఏమీ లేవా?

చాలా దేశాల్లో దాదాపు ఏమీ లేవు. ఐరోపా యూనియన్ 2010 నాటి ప్రయోగ జంతువుల నిబంధన వెన్నెముక ఉన్న జంతువులకూ, ఆక్టోపస్ జాతికీ వర్తిస్తుంది, పురుగులకు కాదు. బ్రిటన్ 2022లో తెచ్చిన జంతు సంక్షేమ చట్టంలో పీతలు, రొయ్యల్లాంటివీ ఆక్టోపస్‌లూ చేరాయి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో జొనాథన్ బిర్చ్ బృందం 300కు పైగా అధ్యయనాలు తిరగేసి ఇచ్చిన రిపోర్టు దానికి ఆధారం. పురుగులు అందులోనూ లేవు. 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో వెలువడిన ప్రకటన మాత్రం పురుగులతో సహా చాలా జీవులకు అనుభూతి ఉండే అవకాశం నిజంగానే ఉందని, ఆ అవకాశాన్ని లెక్కలోకి తీసుకోకుండా నిర్ణయాలు చేయడం బాధ్యతారాహిత్యమని అంది. ప్రకటన చట్టం కాదనుకోండి.

సరే, ముసలితనానికీ, పురుగుల బాగోగులకూ సంబంధమేంటి?

బయట ముసలి ఈగ చాలా అరుదు. సాలీడో, చీమో, వానో, ఆకలో అంతకు చాలా ముందే పట్టుకుపోతుంది. యాభై రోజుల ఈగ, చిరిగిన రెక్కలతో సీసా అడుగున జారిపడే ఆ ఈగ, మనం తయారు చేసిన జీవి. ప్రకృతి దానికి ఇవ్వని ముసలితనాన్ని మనమే ఇచ్చాం, కోట్లలో ఇస్తున్నాం. నా బల్ల మీదున్న ఈగల్లో నేను ఎక్కువ బాధ్యత పడాల్సింది వీటికే అని నాకు ఒక రోజు తట్టింది.

ఎలా తట్టిందంటే, ముసలి ఈగల్లో చాలా చావులు ముసలితనం వల్ల కావు. వెల్లకిలా పడతాయి, వీపు మేత జిగురుకి అతుక్కుంటుంది, లేవలేవు, అలాగే గంటల తరబడి కాళ్లాడిస్తూ చస్తాయి. మేమేమో నోట్‌బుక్‌లో "చావు, 52వ రోజు" అని రాసుకుంటాం. అది వయసు చావా, జిగురు చావా? అందుకని నెల దాటిన ఈగల సీసాలన్నీ నిలబెట్టకుండా పడుకోబెట్టాం, జారినా మేతలో పడవు. గట్టిగా తట్టి దులపడం మానేసి, వెలుతురు వైపు వాటంతట అవే నడిచేలా కొత్త సీసా మూతికి మూతి ఆనిస్తున్నాం. పని నెమ్మదించింది, కానీ సీసాకీ సీసాకీ మధ్య తేడాలు తగ్గాయి, తక్కువ ఈగలతోనే స్పష్టమైన ఫలితం వస్తోంది. ఈగల కోసం చేసిన మార్పు ముందు మా గ్రాఫుకే మేలు చేసింది.

రెండోది ఇంకా తేలని విషయం. ఎలుకలతో చేసేటప్పుడు బాగా క్షీణించిన ఎలుకని చావు దాకా లాగరు, ముందే గీత గీసి అక్కడ ఆపుతారు. ఈగల ఆయుష్షు ప్రయోగంలో మాత్రం కొలిచేదే చావు, చివరి కదలిక దాకా చూస్తాం. నీలం రంగు పరీక్ష ఉంది కదా, ఈగ నీలమైన రోజునే ముగింపుగా లెక్కేసి అక్కడితో మత్తిచ్చి ముగించేయొచ్చు కదా అని నేను అడుగుతున్నాను. నా తోటివాళ్లు ఒప్పుకోవడం లేదు, వాళ్ల కారణాలూ బలమైనవే: పాత డేటాతో పోల్చలేం, రోజూ రంగు మేత వల్ల ఇంకేదైనా మారొచ్చు, అన్ని ఈగలూ చచ్చేముందు స్పష్టంగా నీలం కావు. ప్రస్తుతానికి ఒక్క ప్రయోగంలో రెండు పద్ధతులూ పక్కపక్కన నడుపుతున్నాను.

ఇవన్నీ కంప్యూటర్‌లో చేసేయొచ్చు కదా, మెదడు మ్యాప్ వచ్చేసింది కదా?

302 న్యూరాన్లున్న నులిపురుగు వైరింగ్ మ్యాప్ 1986లోనే వచ్చింది. ఇప్పటికీ ఆ పురుగు వచ్చే నిమిషంలో ఎటు తిరుగుతుందో కంప్యూటర్ గట్టిగా చెప్పలేదు. ఊరి రోడ్ల మ్యాప్ చూసి ట్రాఫిక్ ఎలా ఉందో చెప్పమన్నట్టు ఉంటుంది. అయితే మ్యాప్ వల్ల ఏ న్యూరాన్‌ని చూడాలో ముందే తెలుస్తుంది, చీకట్లో వందల ఈగల్ని వాడే అవసరం తగ్గుతుంది. వాడకుండా కుదిరితే వాడకు, తప్పకపోతే తగ్గించు, బాధ తక్కువయ్యేలా మార్చు అన్న మూడు సూత్రాలు రసెల్, బర్చ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1959లోనే రాశారు. ఎలుకల లాంటి ప్రయోగ జంతువుల కోసం రాసినవే అయినా ఈగలకి ఏమీ అడ్డు రావు.

పురుగుల ఫారాల సంగతేంటి?

ల్యాబుల్లో వాడే ఈగల లెక్క దాని ముందు ఏపాటి? కోళ్ల మేతకీ, చేపల మేతకీ పెంచే బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్ల పురుగులు, మీల్‌వార్మ్‌లు, కీచురాళ్లు కలిపి ఏడాదికి లక్ష కోట్ల దాకా ఉంటాయని ఒక అంచనా. వాటిని ఎంత వత్తుగా పెంచాలి, ఎలా చంపాలి అన్నదాని మీద పరిశోధన ఇప్పుడిప్పుడే మొదలైంది. నొప్పి ఉందో లేదో తేలేదాకా ఆగనక్కర్లేదు, క్షణంలో చంపే పద్ధతీ నిదానంగా చంపే పద్ధతీ రెండూ చేతిలో ఉన్నప్పుడు మొదటిదే ఎంచుకోవడానికి పెద్ద తత్వశాస్త్రం అవసరం లేదు.

మరి మీరు దోమల్ని కొడతారా?

కొడతాను. మలేరియా, డెంగీ తెచ్చే జీవితో నాకు మొహమాటం లేదు. కానీ కొడితే ఒక్క దెబ్బకి పోయేలా కొడతాను, సగం నలిపి వదిలేయను. సాలీడుని మాత్రం గ్లాసు బోర్లించి, కింద కాగితం దూర్చి బయట వదిలేస్తాను. సాలీడు కీటకం కాదని మీరు అనేలోపు నేనే అనేస్తున్నాను.

ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలి?

జీవశాస్త్రం ఏదైనా పర్లేదు, స్టాటిస్టిక్స్ మాత్రం బాగా రావాలి. ముఖ్యంగా బతుకు-చావుల లెక్క, సీసా మూత తీస్తుండగా ఎగిరిపోయిన ఈగ చచ్చినట్టు రాయాలా, బతికినట్టు రాయాలా అన్నది కూడా అందులో ఒక పాఠం (రెండూ కాదు, "ఆ రోజు దాకా బతికే ఉంది" అని రాయాలి). కాస్త ప్రోగ్రామింగ్. ఈస్ట్ వాసనకి అలవాటు పడే ముక్కు. ఈగలు ఆదివారం కూడా చస్తాయి కాబట్టి ఆదివారం కూడా రావాలి.

కిటికీ దగ్గర కదల్లేక పడి ఉన్న తేనెటీగ కనిపిస్తే ఏం చేయాలి?

ముందు రెక్కలు చూడండి. రెక్కలు నున్నగా, నిండుగా ఉంటే అలిసిపోయిందో చలికి బిగుసుకుపోయిందో అయ్యుంటుంది. ఒక స్పూన్‌లో చక్కెర నీళ్లు ఒకటి రెండు చుక్కలు మూతి దగ్గర పెట్టండి, ఒంటి మీద పోయకండి. తేనె పెట్టొద్దు, వేరే గూటి తేనెతో జబ్బులు అంటుకోవచ్చు. నాలుక చాచి తాగడం కనిపిస్తుంది, పది ఇరవై నిమిషాల్లో ఒళ్లు వణికించి కండరాలు వేడెక్కించుకుని ఎగిరిపోవచ్చు.

రెక్కల అంచులు చిరిగి, ఒంటి మీద నూగు రాలి నున్నగా నల్లగా మెరుస్తుంటే అది ముసలిది. వారాల తరబడి మేత మోసి మోసి అలా అయింది. చక్కెర నీళ్లతో ఆ రెక్కలు అతుక్కోవు. కాగితం మీదికి ఎక్కించుకుని, ఎండ పడని చోట ఏదైనా పువ్వు మీద దించి రండి.